ఎండచరియ మీద పన్నెండోది

బ్రెజోవిచి ఊళ్ళో ఎవర్నడిగినా అవ్దియా అంత మంచివాడు ఈ కొండమీద ఇంకొకడు లేడనే చెప్తారు. మంచివాడని ఒకసారి పేరు పడ్డాక ఊరు ఇక ఆ మనిషి వంక సరిగ్గా చూడదు. యాభై రెండేళ్ళొచ్చినా ఎందుకు పెళ్ళి చేసుకోలేదో, ఏటా ఏప్రిల్‌లో మంచు కరిగి వాగులు మోతెత్తగానే ఎందుకు తిండి మానేసి పిచ్చివాడిలా తిరుగుతాడో ఎవరూ ఆరా తీయలేదు. మంచివాళ్ళకి ఏవో పిచ్చులుంటాయిలే అని సరిపెట్టుకున్నారు.

వేసవి నాలుగు నెలలూ అతని పని బయటి దేశాలవాళ్ళని కొండల్లో తిప్పడం. రాజధాని సారాయెవోలో ఒక చిన్న కంపెనీ ఆరేడుగురు చొప్పున జమచేసి అతనికి అప్పగిస్తుంది. అయిదు రోజుల నడక. లోయలో వాగు దాటించాలి, గొర్రెల మందల దగ్గర పడుకోబెట్టాలి, గట్టెక్కించి దించాలి, ఒక్కరికీ ఏమీ కాకుండా మళ్ళీ బండెక్కించాలి. పేరున్న దేశాలన్నీ చూసేసి మొహం మొత్తినవాళ్ళు వస్తారు. "ఎవరూ చూడని దేశం చూద్దామని వచ్చాం" అంటారు. ఎవరూ చూడకపోతే మేమంతా ఎవరం అని అవ్దియాకి అడగాలనిపించేది. అడిగేవాడు కాదు. నోట్లో నాలుక లేని మనిషి.

అతనితో నడిచినవాళ్ళందరికీ రెండు సంగతులు గుర్తుంటాయి. ఒకటి, "నా అడుగులోనే అడుగెయ్యండి" అని రోజుకి ఇరవైసార్లు అంటాడు. రెండోది, మేతబీడు నుంచి ఊళ్ళోకి అరగంటలో దిగే దారి కళ్ళెదుట కనపడుతున్నా, దాన్ని వదిలేసి అడవి చుట్టూ గంటన్నర తిప్పుతాడు. ఆ దగ్గరి దారి ఎండచరియ మీదుగా పోతుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండ పడే రాతి చరియ అది. ఎందుకు అటు పోకూడదని అడిగితే పాములున్నాయంటాడు. ముక్కుమీద కొమ్ముండే పింజరలు. కొండవాళ్ళకి ఆ పామంటే హడలు. చెట్టుమీంచి మనిషి గొంతు మీదకి దూకుతుందని తాతలనాటి నమ్మకం. అందుకే అవ్దియా ఆ మాట మొదటిసారి అన్నప్పుడు ఎవరూ సాక్ష్యం అడగలేదు. పైగా ముసలి ముర్తెజా అయితే, "నేను నా కళ్ళతో చూశాను, నా చెయ్యంత లావుంది, నన్ను చూసి ఈల వేసింది" అని తనవంతు కూడా కలిపాడు.

ఎండచరియ మీద అవ్దియా ఒక్క పామునీ చూసింది లేదు. ఆ కథ అతను పుట్టించిందే.

అక్కడ ఉన్నది, లేదా లేనిది, వేరే. యుద్ధం రెండో ఏడు, ఆకులు రాలే కాలంలో, ఇరవయ్యేళ్ళ అవ్దియానీ ఇంకో ఇద్దరినీ పిలిచి వాళ్ళ అధికారి పన్నెండు మందుపాతరలు చేతికిచ్చాడు. అవతలి సైన్యం ఊళ్ళోకి దిగకుండా కొండగట్టు మీద పూడ్చి రమ్మన్నాడు. చిన్న డబ్బీలు, అరచేతిలో పట్టేంత. పదకొండు గట్టు మీద వరసగా పెట్టారు. పన్నెండోది మిగిలిపోతే అవ్దియా ఒక్కడే ఎండచరియలోకి దిగి, రెండు బండల మధ్య సందులో, జూనిపర్ పొదకి మూడడుగుల కింద, తన చేత్తో పూడ్చి, గుర్తుకి ఒక పలకరాయి ఆనించి వచ్చాడు. లెక్క రాసుకున్న అధికారీ, తోటి ఇద్దరూ యుద్ధం అయ్యేలోపే పోయారు. కాగితం కూడా పోయింది.

యుద్ధం ముగిసిన నాలుగో ఏడు, ఏప్రిల్‌లో, పక్కింటి బెషీర్ తప్పిపోయిన గొర్రెని వెతుక్కుంటూ ఎండచరియ కింద వాగులోకి దిగాడు. ఊరంతా ఆ పేలుడు విన్నది. దుప్పట్లో అతన్ని మోసుకొచ్చిన నలుగురిలో అవ్దియా ఒకడు. ఊరు అవతలి సైన్యాన్ని తిట్టిపోసింది. అవ్దియా అందరికంటే గట్టిగా తిట్టాడు.

బండల సందు నుంచి వాగుకి నూరడుగులుంటుంది. మంచు కరిగిన నీళ్ళు ఆ తేలికపాటి డబ్బీని ఈడ్చుకొచ్చి వాగులో పడేసి ఉండొచ్చు. లేదూ, ఆఖరి ఏడాది వాగు వెంట పైకొచ్చింది అవతలివాళ్ళే కాబట్టి, అది వాళ్ళు పెట్టినదే అయి ఉండొచ్చు. తేల్చుకోవాలంటే ఒక్కటే దారి. పన్నెండోది సందులో ఇంకా ఉంటే బెషీర్‌ని చంపింది అవ్దియా కాదు. లేకపోతే అవ్దియానే.

ఇంకో నాలుగేళ్ళకి మందుపాతరలు తీసేవాళ్ళొచ్చి, తెలిసినవాళ్ళు చెప్పండి బాబూ అని ఇంటింటికీ తిరిగారు. అవ్దియా బొమ్మ గీసి మరీ పదకొండు చూపించాడు. పదకొండూ దొరికాయి. అతని భుజం తట్టారు. "ఇంకేమైనా ఉన్నాయా?" అని అడిగినప్పుడు నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. వెతికితే దొరక్కపోతే? ఆ ఒక్క ప్రశ్నకి భయపడి, ఊరికి ఊరు నడిచే చరియ మీద ప్రాణాంతకమైన దాన్ని అలాగే వదిలేశాడు. దానిమీదకి ఎవరూ పోకుండా పాములని పుట్టించాడు. దీన్ని పిరికితనం అనక ఇంకేమంటారు? తెలియకపోవడమే అతనికి మిగిలిన ఆస్తి. దాన్ని కడుపులో పెట్టుకుని కాపాడుకున్నాడు.

బెషీర్ భార్య జుమ్రెతా అప్పటికి ముప్పై రెండేళ్ళ మనిషి. ఆ వేసవి నుంచీ ఆమె బీడులో గడ్డి అవ్దియానే కోస్తున్నాడు. తన గడ్డి వానకి తడిసి కుళ్ళినా సరే, ముందు ఆమెది కోసి, ఎండబెట్టి, కుప్ప వేసి అప్పుడు తన బీడులో అడుగుపెట్టేవాడు. ఊరు ఊరుకుంటుందా?

"ఏరా అవ్దో, మీ వదిన గడ్డి కోయడానికే పుట్టావట్రా?" అని ముర్తెజా కంచె మీద వాలి కేకేసేవాడు. "ఎన్నాళ్ళిలా ఊరికే కోస్తావు? నిఖా చేసుకుని కొయ్యి, కనీసం వేడి రొట్టె అయినా దక్కుతుంది!"

"నీ నోట్లో మన్ను పడ, ముసలి పీనుగా! నీ గడ్డి కొయ్యలేదని ఏడుపు నీకు" అనేది జుమ్రెతా నవ్వుతూ. ఆ తిట్టులో కోపం లేదని ముర్తెజాకి తెలుసు, ఊరికి తెలుసు. అవ్దియాకి ఇంకా బాగా తెలుసు. తలెత్తకుండా కోసుకుపోయేవాడు. ఆమె అంటే ఇష్టం లేక కాదు. ఉంది, అదే అతని ఖర్మ.

ఈ ఏడు జూన్ చివర్లో వచ్చినవాళ్ళు ఆరుగురు చెక్కులు, అంటే చెక్ దేశంవాళ్ళు. వాళ్ళ భాషా మా భాషా దాయాదులు కాబట్టి సగం మాటలతో, సగం చేతులతో నడిచిపోతుంది. వాళ్ళలో వ్లాస్తిమిల్ అనే డెబ్భయ్యేళ్ళాయన బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. ఎర్రటోపీ, తెల్లటి మీసం, జేబు నిండా చిన్న చిన్న సీసాలు. ప్రతి పురుగు దగ్గరా వంగుతాడు. జ్దెంకా అనే లావుపాటి నర్సమ్మ ఆయన్ని గదమాయిస్తూ నడిపిస్తుంది.

నాలుగో రోజు పొద్దున మేతబీడు దగ్గర అవ్దియా ఎప్పటి పాటే పాడాడు. "అటువైపు మాత్రం ఎవరూ పోవద్దు. పాములున్నాయి. ముక్కుమీద కొమ్ముండే పింజరలు."

వ్లాస్తిమిల్ నిలబడిపోయాడు. "కొమ్మున్నవా? నిజంగానా?"

"నిజంగానే. బోలెడు."

"బోలెడా!" ముసలాయన ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగింది. "బాబూ, ముప్పై అయిదేళ్ళు సీసాలో ఊరేసిన పింజరని చూపించి పాఠం చెప్పాను. పాపం దాని రంగు కూడా పోయింది. బతికున్నదాన్ని ఒక్కసారి చూడాలని ఎంత కోరికో! ఇంట్లో పామన్న మాటెత్తితే మా ఆవిడ, పామో నేనో తేల్చుకోండి అనేది. ఆవిడ పోయి ఏడాదైంది."

"అందుకని ఇప్పుడు పాముని తెచ్చుకుంటారా?" అంది జ్దెంకా. అందరూ నవ్వారు.

అవ్దియాకి నవ్వు రాలేదు. "వద్దు మాస్టారూ. కరిస్తే ఆసుపత్రికి మూడు గంటలు పడుతుంది."

"పామంత మర్యాదస్తుడు లేడు బాబూ. మనం తొక్కితే తప్ప మన జోలికి రాదు. దాని పక్కన మనిషే పోకిరి."

ఇన్నేళ్ళూ వందలమందిని దూరంగా ఉంచిన మాట ఇతన్ని పేరు పెట్టి పిలిచినట్టయింది. అవ్దియా అడవి దారిలో వాళ్ళని తిప్పుతూ గంటన్నర పాటు వెనక్కి చూస్తూనే ఉన్నాడు. ఎర్రటోపీ ప్రతిసారీ వెనకే ఉంది. ఊళ్ళోకి దిగాక ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరే పొరపాటు.

మధ్యాహ్నం భోజనం ఎప్పుడూ జుమ్రెతా వాకిట్లోనే. జున్ను కూరి కాల్చిన పీతా రొట్టె, పుల్లటి పెరుగు, మందంగా మీగడ. ఆమె తలగుడ్డ సవరించుకుంటూ ఎదురొచ్చింది. "రండి రండి, కూర్చోండి. మా అవ్దో అడివంతా మీచేత కొలిపించాడా? అరగంట దారిని గంటన్నర చేసే మొనగాడండీ ఈయన. ఈయన్ని మక్కాకి దారి చూపించమంటే ముందు చైనా తీసుకుపోతాడు."

"ఆకలి బాగా వేస్తుందని వదినా" అన్నాడు అవ్దియా.

"అవును మరి, నా పీతా బాగుండదు కదా, ఆకలి పుట్టించి తేవాలి!"

వాళ్ళు తింటూంటే అతను కొట్టం వెనక్కి వెళ్ళాడు. మర్నాడు గుంపుని బండెక్కించగానే గడ్డి కోత మొదలుపెట్టాలి. పొడుగుపిడి కొడవలిని చిన్న దాగలి మీద ఆనించి, అంచు పొడవునా సుత్తితో టంగు టంగుమని కొట్టి పదును తెస్తున్నాడు. ఆ చప్పుడులో ఇంకేమీ వినపడదు.

జ్దెంకా వచ్చి భుజం పట్టి ఊపింది. "మా మాస్టారు కనపడటం లేదు. చెయ్యి కడుక్కోవడానికెళ్ళాడనుకున్నాను. పావుగంటైంది."

అవ్దియా కొట్టం ముందుకొచ్చి ఎక్కడా చూడలేదు, ఎదురుగా చరియ వైపే చూశాడు. ఎర్రటోపీ బండల వైపు పైకి పాకుతోంది. ఇంకో పాతికడుగులుంటుంది.

"ఆగు!" అతని గొంతులోంచి అంత కేక ఎప్పుడూ రాలేదు. "కదలకు! మందుపాతరుంది! బండల మధ్యకి పోవద్దు!"

గాలి ఊరి వైపుకి వీస్తోంది. ముసలాయన ఇటు తిరిగి, తనని పిలుస్తున్నారనుకుని టోపీ తీసి ఊపి, మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టాడు.

"మందుపాతరేంట్రా?" జుమ్రెతా పీతా పళ్ళెంతో అలాగే నిలబడింది. "పాములన్నావుగా?"

"బండల సందులో వదినా. పొదకి మూడడుగుల కింద." ఆమె వైపు చూడకుండానే చెప్పేసి కంచె దూకాడు.

ఆ ఏటవాలు మీద ఎలా పరిగెత్తాడో అతనికే తెలియదు. ముసలాయన బూట్లు తొక్కిన గడ్డి మీదే అడుగులేస్తూ, పడుతూ, చేతుల మీద పాకుతూ ఎక్కాడు. పైన పేలుడు వినపడుతుందని ఒళ్ళంతా చెవులు చేసుకున్నాడు. వినపడలేదు. రెండు బండల దగ్గరికి చేరేసరికి వ్లాస్తిమిల్ సందులో గొంతుక్కూర్చుని ఉన్నాడు. చప్పుడు చేయొద్దన్నట్టు వేలు పెదవుల మీద పెట్టుకుని, కళ్ళతో చూపించాడు. ఎదురు బండ మీద, ఎండలో, చుట్ట చుట్టుకుని పడుకుంది. బూడిదరంగు ఒంటి మీద నల్లటి వంకర గీత. ముక్కుమీద చిన్న కొమ్ము.

అవ్దియా పాముని సగమే చూశాడు. అతని చూపు ముసలాయన ఎడం బూటు మీద ఉంది. బూటు పక్కనే ముప్పై రెండేళ్ళ కిందట తను ఆనించిన పలకరాయి ఉంది. ఆ రాయి పక్కన, సరిగ్గా అక్కడ, మనిషి బరువంతా ఆ కాలి మీదే ఉంది.

ఉండనీ, దేవుడా, అని అతని మనసు ప్రార్థించింది. ఇక్కడే ఉండనీ. చెడిపోయైనా సరే, తుప్పు పట్టైనా సరే, ఇక్కడే ఉండనీ. పేలినా పరవాలేదు.

ఏం కోరుకున్నాడో తర్వాత తెలిసింది. ప్రాణమున్న మనిషి కాలికింద, ఏ పాపమూ ఎరగని ముసలాయన కాలికింద.

పాము మెల్లగా విప్పుకుని పొదలోకి జారిపోయింది. వ్లాస్తిమిల్ కళ్ళు తుడుచుకున్నాడు. "చూశావా? ఎంత అందంగా ఉందో చూశావా?"

"కాలు తీయండి మాస్టారూ. మెల్లగా. నా వెనక్కి రండి."

ముసలాయన తీశాడు. అవ్దియా మోకాళ్ళ మీద పడి, సైన్యంలో నేర్పినట్టు చాకు మొన ఏటవాలుగా దింపి, వేలెడు వేలెడు చొప్పున గుచ్చుతూ పోయాడు. పై గడ్డి లేచొచ్చింది. దాని కింద మట్టి లేదు. నీళ్ళు తొలిచిన కాలవ ఉంది, జానెడు వెడల్పు, అడుగున కడిగినట్టున్న గులకరాళ్ళు. చాకు పారేసి చేతులతో తవ్వాడు. మోచెయ్యి దాకా దిగింది. గోళ్ళు విరిగాయి. ఆ కాలవ పలకరాయి పక్కనుంచి మొదలై, సందు దాటి, చరియ మీద వంకర లేకుండా కిందకి పోయింది. చూపుతో దాని వెంట పోతే సరాసరి వాగులోకి దిగింది. బెషీర్‌ని దుప్పట్లోకి ఎత్తిన చోటికి.

"ఏం వెతుకుతున్నావు బాబూ?"

"నాదొకటి. ఇక్కడ పెట్టాను."

"దొరికిందా?"

"లేదు."

"పోనీలే" అన్నాడు ముసలాయన సంతోషం పట్టలేక అతని వీపు నిమురుతూ. "ఈ వయసుకి మనం ఎన్ని పోగొట్టుకోలేదు."

ఇద్దరూ కిందకి దిగారు. వాకిట్లో గొడవగా ఉంది. చెక్కులు ఏడుస్తూ నవ్వుతూ మాస్టారి మీద పడ్డారు. జ్దెంకా ఆయన చెంప మీద ఒకటి వేసి, అదే చెంప మీద ముద్దు పెట్టింది. ఆయన ఫోనులో పాము ఫోటో చూపిస్తున్నాడు. జుమ్రెతా వాళ్ళ వైపు వెళ్ళలేదు. కంచె తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఉందా?" అంది.

"లేదు."

"పొదకి మూడడుగుల కిందని నీకెలా తెలుసు?"

చెప్పడానికి అతనికి ముప్పై రెండేళ్ళ టైము దొరికినా ఒక్క మాటా సిద్ధం చేసిపెట్టుకోలేదు. "నేనే పెట్టాను వదినా."

"మొత్తం ఎన్ని పెట్టారు?"

"పన్నెండు."

"వాళ్ళు తీసుకుపోయినవి?"

"పదకొండు."

ఆమె వాగు వైపు చూసింది. భుజం మీది తువ్వాలు తీసి నాలుగు మడతలు పెట్టింది. మళ్ళీ విప్పింది. "ఆయన్ని మోసుకొచ్చినప్పుడు తలవైపు పట్టుకుంది నువ్వే."

"నేనే."

"అప్పటికే తెలుసా?"

"తెలీదు. ఇవాళ్టిదాకా తెలీదు. అల్లా మీద ఒట్టు."

"తెలీదా, తెలుసుకోలేదా?"

తేడా ఏమిటో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

"ఆ ముర్తెజా ముసలాడు కూతలు కూసినప్పుడల్లా నేనెందుకు నవ్వి ఊరుకున్నానో నీకు తెలుసా అవ్దో?" ఆమె గొంతు పైకి లేవలేదు. "ఒక్క ఏడైనా నోరు తెరిచి అడుగుతావని చూశాను. సిగ్గుపడుతున్నాడు, పోనీలే, వచ్చే ఏడు అడుగుతాడులే అనుకున్నాను. నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"తెలిసీ వచ్చి కోశావు."

"కోశాను."

ఆమె లోపలికెళ్ళింది. అవ్దియా కంచె పట్టుకుని నిలబడ్డాడు. వెళ్ళిపోదామంటే గుంపు అతనిదే, వదిలి పోలేడు. లోపలినుంచి కాఫీ గింజలు తిప్పే మర చప్పుడు వినిపించింది, చాలాసేపు వినిపించింది. అన్ని గింజలు ఎవరికీ అక్కర్లేదు.

మా వైపు ఇంటికొచ్చినవాళ్ళకి మూడు కాఫీలిస్తారు. రాగానే ఒకటి, కబుర్ల మధ్యలో ఒకటి. మూడోదాన్ని సిక్తెరుషా అంటాం. అది వచ్చిందంటే, ఇక మీరు లేవచ్చని ఇంటివాళ్ళు నోటితో చెప్పకుండా చెప్పినట్టు. పరాయివాళ్ళకీ, ఎక్కువసేపు కూర్చున్న చుట్టాలకీ ఇస్తారు. ఇంట్లోవాళ్ళకి ఎవరూ ఇవ్వరు. ఇరవయ్యారేళ్ళలో జుమ్రెతా అవ్దియాకి దాన్ని ఇచ్చి ఎరగదు.

ఆమె రాగి గిన్నె, ఒక్క కప్పు పట్టుకుని బయటికొచ్చింది. చెక్కుల్ని దాటి కంచె దగ్గరికి వచ్చి, నురగ చెదరకుండా నింపింది.

"తాగు, అవ్దియా" అంది. ఊరికి అతను అవ్దోయే, పూర్తి పేరుతో పిలిచేది కంపెనీవాళ్ళొక్కరే.

నిలబడే తాగాడు. నాలుక కాలింది. అడుగున మడ్డి కనపడేదాకా తాగి, కప్పు ఆమె చేతికివ్వబోయాడు. ఆమె చెయ్యి చాపలేదు, కంచె పక్కన రాతి అరుగు వైపు కళ్ళతో చూపించింది. అక్కడ పెట్టాడు.

"పదండి" అన్నాడు గుంపుతో. "ఇంకా రెండు గంటల నడకుంది."